మర్యాద మూట

ఆదివారం బజారులో మస్తూరా బియ్యపు గోనె మీద గుచ్చిన అట్టముక్కను పీకేసిన మనిషి పరాయివాడేమీ కాదు. ఒకప్పుడు అపా, అంటే అక్కా, అంటూనే ఆమె పెరటిగోడ దూకి మల్బరీ పళ్ళు తిని మూతి నల్లగా చేసుకున్న బహ్రామే. ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి, పెళ్ళాం వచ్చింది, బజారు కాపలా ఉద్యోగమూ వచ్చింది. అట్టముక్క మీద ఉన్నవి రెండే మాటలు: కిజిల్సాయ్ బియ్యం.

"అపా, ఆ పేరు రాయకూడదంట. ఉత్త 'బియ్యం' అని రాస్కో. నిన్నెవరూ ఏమీ అనరు," అన్నాడు అట్టను వీపు వెనక దాచుకుంటూ.

"మరివి ఎక్కడ పండినియ్యిరా? చంద్రుడి మీదా?"

"ఎక్కడ పండాయో నాకు తెలీదా అపా? నేనూ ఆ బువ్వ తిన్నోణ్ణే. కానీ ఆ పేరు వాడాలంటే గోనె మీద ముద్ర ఉండాలి. నీ గోనె మీద ముద్రేదీ?"

"నా బొడ్డు కోసిన ఊరు పేరు చెప్పుకోడానికి నాకు ఇంకోడి ముద్ర కావాల్సొచ్చిందా! రేపు మీ నాన్న పేరు చెప్పుకోడానిక్కూడా ముద్ర అడుగుతార్రా, అప్పుడేం చేస్తావో చూస్తా."

పక్కన పసుపు క్యారెట్లు అమ్మే ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. బహ్రామ్ చెవులు ఎర్రబడ్డాయి గానీ అట్టముక్కను తిరిగివ్వలేదు. మస్తూరాకు నోరుంది, వాడికి కాపలా చొక్కా ఉంది. ఆ పూట చొక్కాదే గెలుపయింది.

వాడుకగా కొనేవాళ్ళు ఎప్పటిలాగే వచ్చి, అడక్కుండా కొనుక్కుపోయారు. కొత్తవాళ్ళు మాత్రం ఎదురు దుకాణానికి వెళ్ళారు. అక్కడ నిగనిగలాడే సంచుల మీద కిజిల్సాయ్ అనే పేరూ, గుండ్రటి ముద్రా ఉన్నాయి. ఆ సంచుల్లో బియ్యం ఎవరివి? మస్తూరావే. పక్కింటి హదీచావే. వాగు ఒడ్డున మళ్ళున్న అందరివీను. మూడేళ్ళ కిందట కళ్ళంలోనే కొనేసి గోదాములో పడేసినవాడు సాబిత్ హాజీ. వీళ్ళకి అప్పుడు దక్కింది ఉత్త బియ్యం ధర. ఇప్పుడు హాజీకి దక్కుతున్నది పేరున్న బియ్యం ధర. ఆ రెంటికీ మధ్య ఎంత తేడానో హాజీ కొత్త మేడని చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ గొడవ మొదలైంది బిష్కెక్ ఆఫీసుల్లోనో చట్టం పుస్తకాల్లోనో కాదు. మస్తూరా ఇంటి అటక మీద.

కిజిల్సాయ్‌లో ప్రతి ఇంటి అటక మీదా ఒక మూట ఉంటుంది. కోతలయ్యాక మేలైన వడ్లు ఏరి అందులో పోసి, మూతి కుట్టేసి, మూడేళ్ళు దాని జోలికి పోరు. అది ఇంట్లోవాళ్ళది కాదు, అతిథిది. పొట్టులోనే మాగిన గింజ లోపల కంచురంగుకు తిరుగుతుంది, గట్టిపడుతుంది, పలావ్ వండే పెద్ద ఇనప మూకుడు కజాన్‌లో ఎన్ని నీళ్ళు పోసినా తాగేసి, మెతుక్కి మెతుకు అంటకుండా లేస్తుంది. పెళ్ళికి ఆ మూట విప్పుతారు, చావుకి విప్పుతారు, గడప తొక్కిన కొత్త మనిషికి విప్పుతారు. ఇంటిల్లిపాదీ తినేది మాత్రం ఆ ఏటి కొత్త బియ్యమే, ముద్దముద్దగానో, పెసలేసి జావగానో. అమ్ముకునేదీ అదే. చలికాలానికి బొగ్గు కొనాల్సిన మనిషి మూడేళ్ళు ఎక్కడ ఆగుతాడు?

కిందటేడాది కాక ఆ ముందటేడు, కోతల కాలంలో, బిష్కెక్ నుంచి చినారా అనే కిర్గిజ్ అధికారిణి వచ్చింది. ఊరికి మంచి చెయ్యాలనే వచ్చింది. అప్పటికి ఓష్ నుంచి తాష్కెంట్ దాకా ప్రతి బజారులోనూ ఎవడికి పుట్టిన బియ్యాన్నో ఇటుకపొడితో రంగరించి కిజిల్సాయ్ పేరుతో అమ్ముతున్నారు. పేరుకి చట్టం కాపలా పెట్టిస్తానంది చినారా. ఇక్కడ పండింది తప్ప ఇంకేదీ ఆ పేరుతో అమ్మకూడదని శాసనం చేయిస్తానంది. అందుకు ఊళ్ళో పండే బియ్యం గుణం ఏమిటో పరీక్ష చేయించాలి, కాబట్టి మీరు అమ్ముకునే బియ్యం తలా ఒక దోసెడు ఇవ్వండి అంది.

ఆవిడ అడిగింది తిన్నగానే అడిగింది. కానీ దూరం నుంచి వచ్చిన మనిషి, అందులోనూ ఆడమనిషి, చెయ్యి చాపితే ఆ చేతిలో కొత్త బియ్యం ఎలా పోస్తారు? పైగా అవతలింటివాళ్ళు పాతవి పోస్తుంటే? ఒకరికి తెలియకుండా ఒకరు అందరూ అటకలెక్కారు. అందరూ మర్యాద మూటలు విప్పారు. మస్తూరా, అప్పటికింకా బతికే ఉన్న ఆమె భర్తా కలిసి అన్నింటికన్నా పాత గింజలు ఏరి మరీ ఇచ్చారు. ఆ రోజు విందులో ఊరికి పెద్ద దిక్కయిన ఎర్గష్ బోబో, హాజీ తండ్రే ఆయన, పళ్ళెంలోంచి పలావ్ ముద్ద తీసి స్వయంగా చినారా నోట్లో పెట్టాడు. పెద్దవాళ్ళు చేత్తో పెట్టిన ముద్ద అక్కడ ఎవరూ వద్దనరు. ఆవిడ కళ్ళు చెమర్చుకుని తింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. నిజమే, కానీ ఆ మెతుకు ఆ కుండలోదే అయి ఉండాలి కదా. పరీక్షలయ్యాయి, ముద్ర వచ్చింది, దాంతోపాటు నియమమూ వచ్చింది: ఇంత రంగు, ఇంత గట్టిదనం, ఇన్ని నీళ్ళు తాగే గుణం, మూడేళ్ళు మాగిన గింజ. అవి ఉంటేనే కిజిల్సాయ్ బియ్యం. మొదట ఊరంతా చప్పట్లు కొట్టింది. మన బియ్యం గొప్పతనం గవర్నమెంటు కూడా ఒప్పుకుందని మురిసిపోయింది. మళ్ళీ కోతలు వచ్చాక గానీ తెలియలేదు, తమ మళ్ళల్లో పండింది తమ ఊరి బియ్యం కాకుండా పోయిందని. మూడేళ్ళు ఆగగలిగినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే.

బజారు గొడవ జరిగిన రెండోనాడే ఆ ఒక్కడూ మస్తూరా వాకిట్లోకి వచ్చాడు. చంకలో ఒక కట్ట ఉంది. మల్బరీ చెట్టు కింద చెక్క మంచం మీద కూర్చుని, ఆమె పోసిన పచ్చటీ తాగి, కోళ్ళని, దూడని, చనిపోయిన ఆమె భర్తనీ వరసగా పరామర్శించాడు. హాజీ ఎప్పుడూ గొంతు పెంచడు.

"బజార్లో మాట పడ్డావంట చెల్లెమ్మా. నాకు బాధేసింది. నీ పంటంతా నేను తీసుకుంటా. అందరికన్నా ఓ గవ్వ ఎక్కువే ఇస్తా."

"ఏ పేరుతో తీసుకుంటావు హాజీ అకా?"

"పేరేముంది... బియ్యం."

"నా దగ్గర బియ్యం, నీ దగ్గర కిజిల్సాయ్ బియ్యం. దారిలో ఏం జరుగుద్ది? బండెక్కగానే దానికి నామకరణం చేస్తావా?"

హాజీ నవ్వాడు. "నేను గీత దాటలేదు. మూడేళ్ళు డబ్బు కట్టేసుకుని కూర్చుంటున్నా. ఎలకలు నావి, చెమ్మ నాది, ధర పడిపోతే ఆ నష్టమూ నాది. అయినా ఆ పాత గింజలిచ్చి పంపింది ఎవరు? నేనా? మర్యాద చేసింది మీరే గదా."

ఈ మాట పుండు మీద కారం చల్లినట్టే ఉంది, ఎందుకంటే అబద్ధం కాదు. మస్తూరా ఖాళీ గిన్నె అందుకుంటుండగా అతను చంకలో కట్ట విప్పాడు. దుకాణాల్లో నిలబెట్టే అట్టలు. ప్రతి అట్ట మీదా పూల రుమాలు కట్టుకున్న ఆడమనిషి దోసిట్లో బియ్యం పట్టుకుని నవ్వుతోంది. ఆ ఆడమనిషి మస్తూరా. అప్పటి విందులో ఎవరో తీసిన ఫొటో.

"అల్మాటి దాకా పోద్ది నీ మొహం. నీ మొహంలో ఊరు కనపడుద్దని పట్నం కుర్రాళ్ళు అంటున్నారు. దానికి విడిగా డబ్బిస్తాలే. ఇవి ఉంచు, చుట్టాలకి చూపించుకో."

మస్తూరా ఒక అట్ట చేతిలోకి తీసుకుంది. ఆ నవ్వు ఆమె అతిథి కోసం నవ్విన నవ్వు.

"అకా, నా మొహం కిజిల్సాయ్‌దేనా?"

"కాకపోతే?"

"నా చేతులు?"

"అదేం ప్రశ్న చెల్లెమ్మా?"

"మొహం ఊరిదే, చేతులు ఊరివే, ఆ చేతుల్లో ఉన్న బియ్యం మాత్రం ఊరివి కావు. నా మొహం అమ్ముడుపోద్ది గానీ నా బియ్యం అమ్ముడుపోకూడదు. ఇదేం లెక్క? టీ తాగావు గదా, ఇక లే."

ఇంటికొచ్చిన మనిషిని లెమ్మనడం ఆ వాకిట్లో అదే మొదటిసారి. హాజీ లేచాడు. కట్ట మాత్రం మంచం మీదే వదిలేసి వెళ్ళాడు. కోపం చల్లారాక ఆమే దారికొస్తుందని అతని ధీమా.

మస్తూరా కోపం చల్లారలేదు. చల్లారే కోపమైతే ఆవిడ మస్తూరా ఎందుకవుతుంది? ముద్ర ఎలా నడుస్తోందో చూడటానికి చినారా మళ్ళీ వస్తోందని ఊళ్ళో కబురుంది. ఎటూ హాజీ మేడలోనే దిగుతుందని అందరూ అనుకుంటున్నారు. అయితే అతిథి ముందుగా పిలిచినవాళ్ళ సొత్తు. మస్తూరా ఆ సాయంత్రమే ఫోన్ చేసి, "చినారా, వచ్చిన పూట నా ఇంట్లో తిను, ఆ తర్వాతే ఇంకెక్కడికైనా," అని మాట తీసేసుకుంది. తర్వాత వంటవాడు జురాబాయ్ ఇంటికి వెళ్ళింది. ఊళ్ళో ఏ విందుకైనా కజాన్ దగ్గర నిలబడేది అతనే. అతని తండ్రీ, తాతా కూడా అదే కజాన్ దగ్గర ముసలివాళ్ళయ్యారు.

విషయం విని జురాబాయ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "అపా, నా మీద పగేమన్నా ఉంటే కత్తెత్తి పొడిచెయ్యి, గొడవ వదిలిపోద్ది. అతిథికి కొత్త బియ్యంతో పలావా? జావైపోద్ది!"

"నాక్కావాల్సింది జావే."

"రేపట్నుంచి నన్ను కుక్క పెళ్ళిక్కూడా పిలవరు. మా తాత గోరీలోంచి గరిటెత్తుకుని లేచొస్తాడు."

"సరే అయితే, నేనే వండుతా. మొగాళ్ళ కజాన్ దగ్గర ఆడది గరిటె పట్టిందని జిల్లా అంతా చెప్పుకుంటారు. జురాబాయ్ ఏమయ్యాడు అంటే, పరువు పోద్దని పరుపులో దాక్కున్నాడని నేను చెప్తా."

అతను చాలాసేపు గొణిగాడు. చివరికి మాంసం, క్యారెట్లు మాత్రం తన పద్ధతిలోనే ఉంటాయని, వాటి జోలికి ఎవరూ రాకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

ఆడవాళ్ళు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఇంటికో గిన్నె కొత్త బియ్యం ఇవ్వమని మస్తూరా అడిగితే, హదీచా తలుపు సగమే తీసింది.

"అతిథి ముందు మొహం నల్లబడుద్దే మస్తూరా. అమ్మోళ్ళు, అత్తోళ్ళు మనకి నేర్పింది ఇదేనా?"

"అమ్మోళ్ళు నేర్పినట్టే చేశాం, ఊరి పేరు గోదాంలోకెళ్ళింది. మొహం నల్లబడితే నాదే నల్లబడనీ, ఎటూ ఎండలో ఉండే మొహమే. నీ గిన్నె ఇటివ్వు."

హదీచా ఇచ్చింది. ఆమె ఇచ్చిందని మిగతావాళ్ళూ ఇచ్చారు.

విందు పొద్దున తెల్లవారుతుండగా మస్తూరా అటకెక్కింది. ఎందుకెక్కిందో ఆమెకే సరిగా తెలియదు. ఆ ఏడు విప్పాల్సిన మూట అక్కడుంది. దాని మూతి కుట్టింది భర్త చెయ్యి. అతని కుట్టు ఎప్పుడూ వంకరే, ఎంత చెప్పినా సూది తిన్నగా నడిపేవాడు కాదు. ఆ వంకర కుట్టు మీద చెయ్యి పెట్టగానే ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గు కూడా వేసింది. ఇంత మంచి బియ్యం నెత్తి మీద పెట్టుకుని, గడప తొక్కిన మనిషికి పిల్లలు తినే ముద్ద పెడుతున్నానే అని ఒళ్ళంతా ముడుచుకుపోయింది. కింద జురాబాయ్ కొవ్వు కరిగిస్తున్న వాసన పైదాకా వస్తోంది. ఇప్పుడు మూట దించినా ఇంకా సమయం ఉంది, ఎవరూ ఏమీ అనుకోరు. మస్తూరా కళ్ళు తుడుచుకుని, మూటను అక్కడే వదిలేసి దిగింది.

వాకిట్లో పరుపులు పరిచారు. మగవాళ్ళందరూ వచ్చారు. పెద్దలు కూర్చునే పైచోటున ఎర్గష్ బోబోని కూర్చోబెట్టి, ఆయన కుడిపక్కన చినారాని, ఎడమపక్కన హాజీని కూర్చోబెట్టారు. బోబో ఒకప్పుడు మిరాబ్, కాలవ నీళ్ళు పంచే పెద్ద. గట్టు తెగినా తగవు తెగేది ఆయన మాటతోనే. రొట్టెలు విరిచారు, టీ పోశారు, దువా ప్రార్థన అయింది. అప్పుడు పళ్ళేలు వచ్చాయి.

చాచిన చేతులు పళ్ళేల మీదే ఆగిపోయాయి. మాంసం బంగారంలా ఉంది, వెల్లుల్లి గడ్డలు చక్కగా మగ్గాయి, కానీ కింద అన్నం ముద్ద. గరిటె ఆనవాలు అన్నం మీద అలాగే ఉండిపోయింది. జురాబాయ్ కజాన్ వెనక నిలబడి ఎవరి కళ్ళలోకీ చూడకుండా నిప్పులు ఎగదోస్తున్నాడు, ఎగదొయ్యాల్సిన పని లేకపోయినా.

హాజీ మెల్లగా అన్నాడు, "జురాబాయ్, జ్వరమేమన్నా వచ్చిందా? ఇది పలావా, రోగిష్టి పథ్యమా?"

ఒకరిద్దరు నవ్వారు. చినారా ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, పళ్ళెం వంకా ఇంటి వంకా చూసింది. "ఇదెక్కడి బియ్యం?"

ఆడవాళ్ళ వైపు నుంచి మస్తూరా లేచి వచ్చింది. మగవాళ్ళ వరసల మధ్య నడుచుకుంటూ వచ్చి పళ్ళెం ముందు నిలబడింది.

"కిజిల్సాయ్ బియ్యం. ఈ యేడు పండింది. వాగు పక్కన ఉన్న ప్రతి మడిదీ ఓ గిన్నె ఉంది ఇందులో. మేం తినేది ఇదే, అమ్ముకునేది ఇదే."

"మరి ఆ రోజు నాకిచ్చింది?"

"అది మా బియ్యం కాదు, మా మర్యాద."

చినారా మొహం గంటు పెట్టుకుంది. కోపం రావడానికి ఆవిడకి హక్కుంది. "నేను అమ్ముకునే బియ్యమే అడిగాను అపా. ఒకసారి కాదు, ప్రతి గుమ్మం ముందూ అడిగాను. ఇదే మేం అమ్మేది అని మీరందరూ తలూపారు. నాకు అబద్ధం చెప్పారు."

"చెప్పాం. ఊరంతా కలిసి చెప్పాం. నీ మీద ప్రేమతోనే చెప్పాం, దానికి సిగ్గుపడను. అతిథిగా వస్తే రేపైనా అదే చేస్తా. కానీ ఈ రోజు నీకు మర్యాద చెయ్యట్లా. నిజం పెడుతున్నా, తిను. నీ పుస్తకంలో ఏం రాసుకుంటావో రాసుకో."

"ఈ ముద్దకి కూడా అదే పేరు పెడితే, పేరుకి వచ్చిన ధర పోతుంది," అంది చినారా. "కొన్నవాడు ఇంటికెళ్ళి వండుకుని తిట్టుకుంటాడు. అప్పుడు మీ అందరికీ నష్టమే."

"అదే నేను మొత్తుకునేది," అన్నాడు హాజీ. "ఆగితేనే ఆ గింజకి విలువ. ఆగడానికి ఖర్చుంది చెల్లెమ్మా."

"ఆగినందుకు నీ కూలి నువ్వు తీస్కో అకా, ఎవరొద్దన్నారు? పాతదాని మీద పాతదని రాయి, రెట్టింపుకి అమ్ముకో. కొత్తదాని మీద మేం కొత్తదని రాస్తాం, కొనేవాడికి ముందే చెప్తాం ముద్దయిద్దని. పిల్లలున్నోళ్ళు, జావ కాచుకునేవోళ్ళు, అటక ఉన్నోళ్ళు కొనుక్కుంటారు. కానీ ఊరి పేరు రెంటి మీదా ఉండాలి. ఆ పేరు వాగుది, మట్టిది. నువ్వు మాగబెట్టింది గింజని. వాగుని కూడా నీ గోదాంలో మాగబెట్టావా?"

ఈసారి నవ్వినవాళ్ళు ఒకరిద్దరు కాదు. హాజీ పళ్ళేన్ని అర అంగుళం అవతలికి నెట్టాడు. గొంతు మాత్రం పెంచలేదు.

"మాటలకేం, ఎన్నైనా చెప్పొచ్చు. నియమం ప్రకారం ఇది కిజిల్సాయ్ బియ్యం కాదు. అంతే."

అంతవరకూ తింటూనే ఉన్నాడు ఎర్గష్ బోబో. ఆయనకి పళ్ళు లేవు. మెత్తటి అన్నం ఆయనకి సుఖంగానే ఉంది. వేళ్ళు నాకి, కొడుకు వైపు తిరిగాడు.

"సాబిత్, నీకు గుర్తుందో లేదో. నీ పెళ్ళయ్యేదాకా మన ఇంట్లో పాత బియ్యం నువ్వు ఎన్నిసార్లు తిన్నావు?"

హాజీ టీ గిన్నె అందుకోబోయాడు.

"అటక మీద మూట వాసన చూసి ఏడిస్తే మీ అమ్మ నిన్ను కొట్టింది. అది అతిథిదిరా, నీది కాదు అని. మరి నిన్ను పెంచిందేది? ఈ ముద్దే గదా. నీళ్ళు పంచినన్నాళ్ళూ నేను అందరి మళ్ళకీ ఒక్క వాగునే పంచానురా. కొత్త పంటకో వాగు, పాత పంటకో వాగు నాకు కనపడలా."

ఆయన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీశాడు. వేళ్ళతో వొత్తి, గుండ్రంగా చేసి, కొడుకు నోటి దగ్గర పెట్టాడు. హాజీకి అరవై దాటాయి, మక్కా చూసొచ్చాడు, మేడ కట్టాడు, అల్మాటిలో వ్యాపారం చేస్తాడు. అవేవీ తండ్రి చేతి ముద్దను వద్దనడానికి అక్కరకు రావు. నోరు తెరిచాడు. నమిలాడు. మింగాడు.

"ఏ ఊరిదిరా?" అన్నాడు బోబో.

హాజీ తండ్రి మొహంలోకి చూశాడు, తర్వాత పళ్ళెంలోకి. తండ్రి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది, జవాబు తీసుకుంటే గానీ దిగనన్నట్టు.

"మనూరిదే నాన్నా," అన్నాడు సాబిత్ హాజీ.

చినారా ఆ మాట విన్నది. విననట్టు నటించలేదు. టీ తాగి లేచి, పెద్ద సంచి తెప్పించి, ఇంటింటికీ తిరిగి కొత్త బియ్యం విడిగా, పాతవి విడిగా తీసుకుంది. ఈసారి కొత్త గింజల్ని తనే కళ్ళంలోంచి ఎత్తుకుంది, ఎవరి చేతి నుంచీ తీసుకోలేదు. వెళ్ళేముందు మస్తూరాతో, "మళ్ళీ పరీక్షలు, మళ్ళీ కమిటీ. మారుతుందో లేదో నేను మాటివ్వలేను. మారేదాకా పాత నియమమే అపా, బజార్లో జాగ్రత్త," అంది.

"నువ్వు నెమ్మదిగానే కానియ్యి," అంది మస్తూరా. "ఈసారి పని లేకుండా రా. అటక మీద మా ఆయన కుట్టిన మూటుంది. అది విప్పుతా నీకు."

చినారా ఆమెను కావలించుకుని కారెక్కింది.

ఆదివారం బజారు ఎవరి కమిటీ కోసమూ ఆగదు. బహ్రామ్ వచ్చేసరికి మస్తూరా తన చోటులో కూర్చుని ఉంది, పక్కన హదీచా, ఆ పక్కన వాగు ఒడ్డున మళ్ళున్న ఆడవాళ్ళు వరసగా. ప్రతి గోనె మీదా ఒక అట్ట. ప్రతి అట్ట మీదా లావుపాటి అక్షరాలు: కిజిల్సాయ్ బియ్యం, ఈ యేటివి, ముద్దవుతాయి.

"అపా, రూలింకా మారలేదంట," అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

"తెలుసురా."

"నేను పీకెయ్యాలి మరి."

"పీకు. నీ ఉద్యోగం నువ్వు చేసుకో."

వాడు మస్తూరా గోనె మీది అట్టను పీకాడు. చేతిలో అది తిరగబడింది. వెనకవైపు అచ్చేసిన పూల రుమాలు, దోసిట్లో బియ్యం, ఆమె నవ్వు. హాజీ వదిలేసి వెళ్ళిన అట్టలు. బహ్రామ్ ఆ బొమ్మ వంకా, ఎదురుగా ఉన్న మనిషి వంకా చూసి నోరెళ్ళబెట్టాడు. ఈలోగా మస్తూరా పీట కింద ఉన్న కట్టలోంచి ఇంకో అట్ట తీసి గోనె మీద గుచ్చింది.

"కానియ్యిరా, ఇంకా బోలెడున్నాయి," అని, ఎదురుగా సంచి పట్టుకుని నిలబడ్డ మనిషికి బియ్యం కొలవడం మొదలుపెట్టింది.